మూడో పిలుపు

నాకు కాస్త చెవుడుందని మస్కట్‌లో నేను పనిచేసే ఇంటి పెద్దాయన, మా బాబా, చాలాకాలం నమ్మాడు. హాల్లో కూర్చుని పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి పలకను, రెండోసారీ పలకను, మూడోసారికి గానీ "ఆ, వస్తున్నా బాబా" అనను. పాపం, ఒకరోజు కొడుకు కారులో కూర్చోబెట్టి చెవుల డాక్టరు దగ్గరికి పంపించాడు కూడా. ఆ డాక్టరు లైటు వేసి లోపలంతా చూసి ఏ రోగమూ లేదని తేల్చాడు. ఎందుకుంటుంది? నావి పాము చెవులు. వీధి చివర గ్యాసు బండి మలుపు తిరుగుతుండగానే ఖాళీ సిలిండరు గేటు బయట పెట్టేదాన్ని.

పలకకపోవడానికి కారణం వేరు. మా కడప వైపు మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు. బతికున్న మనిషికి పనుంటే మళ్లీ పిలుస్తాడు, మూడోసారీ పిలుస్తాడు. చచ్చినవాళ్లకు ఒక్కసారి పిలవడానికే ఓపిక ఉంటుందట. ఇంకొక పట్టింపు కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం పూట చచ్చినవాళ్ల పేరు పైకి అనకూడదు. అంటే పిలిచినట్టే లెక్క, వాకిట్లోకి వచ్చి నిలబడతారు. ఈ రెండూ అమ్మ చెప్పి చెప్పి నా తలకెక్కించింది. చదువు మాత్రం ఇంటరు దగ్గర ఆగింది గానీ ఇవి ఆగలేదు.

అయితే ఈ ఇంట్లో నేను ఆగేది ఆ భయంతో కూడా కాదు. బాబా పిలిచే పేరు నాది కాదు. అది మా అక్క పేరు. అక్క పోయి పదేళ్లు కావస్తోంది. ఒకరి పేరు పెట్టి పిలుస్తుంటే ముందుగా ఆ మనిషికి పలికే అవకాశం ఇవ్వడం మర్యాద అనిపించేది నాకు. రెండు పిలుపులు ఆమెవి, మూడోది నాది.

అక్క నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చి, మస్కట్‌లో ఇంటిపనికి పోతానని పాస్‌పోర్టు తీయించుకుంది. మాలాంటి ఆడవాళ్లు ఇంటిపనికి పోవాలంటే ముప్పై దాటి ఉండాలని రూలు. అక్కకు ముప్పై ఒకటి. మెడికల్ అయింది, వీసా వచ్చింది, వాటి వెనకాలే కామెర్లూ వచ్చాయి. పసరు మందు మింగించారు, పత్యం పెట్టారు. పదకొండో రోజు పొద్దున పోయింది.

దినాలు కాకముందే ఏజెంటు వచ్చాడు. పరామర్శకు అనుకున్నాం. గోడమీద అక్క ఫోటో చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "చిన్నది అచ్చం పెద్దదాని మాదిరే ఉంది గదమ్మా. వీసా మురిగిపోతాది, దీన్ని పంపియ్" అన్నాడు. నాకప్పుడు ఇరవై రెండు. అమ్మ ఏడుపు ఆపి నన్ను ఎగాదిగా చూసింది. రవిక కుట్టడానికి కొలత తీసేవాళ్లు చూసినట్టు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

మస్కట్ ఎయిర్‌పోర్టులో కౌంటరు వెనక మనిషి ఆ ఫోటోను, నన్ను చాలాసేపు చూశాడు. నా వెనక లైను పొడుగ్గా ఉంది కాబట్టి బతికిపోయాను. వేళ్లు గాజు మీద పెట్టమన్నాడు. పెట్టాను. ఆ రోజునుంచి నా వేలిముద్రలకు అక్క పేరు.

ఆ పాస్‌పోర్టు నా పెట్టెలో చీరల అడుగున ఉంటుంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. వచ్చిన కొత్తలో ఆ ఫోటోకూ నాకూ పోలిక అంతంతమాత్రం. అక్క బుగ్గలు లోపలికి ఉంటాయి, నావి బూరెలు. అక్క ఎడమ కనుబొమ పక్కన సన్నటి గీత ఒకటి ఉంటుంది, నాకు లేదు. ఏడాది ఏడాదికీ బూరెలు దిగాయి. పోయిన సంవత్సరం రంజాన్ ముందు ఇల్లు కడుగుతూ బాత్రూము అద్దం తుడుస్తుంటే ఎడమ కనుబొమ పక్కన మరక కనిపించింది. అద్దం మీద మరకేమోనని రుద్దాను. పోలేదు. ఇప్పుడు ఏ కౌంటరు మనిషీ నన్ను ఆపి చూడడు. ఆ ఫోటో నన్ను చూసి తీసినట్టే ఉంది.

అందుకే రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. పాస్‌పోర్టు గడువు ఇంకో నాలుగు నెలలు. ఇప్పుడు నాకే ముప్పై రెండు నిండాయి, ఇక అక్క వయసు అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఇంటికి పోయి, అక్క పేరు అక్కకు అప్పజెప్పి, నా పేరు మీద కాగితాలు తీయించుకుని నేను నేనుగా బతకాలని నా ఆశ. రాత్రింబవళ్లు మనసులో ఉన్నది అదొక్కటే. నా పేరుకు ఈ భూమ్మీద మిగిలిన ఆధారాలు రెండు. ఒకటి పదో తరగతి సర్టిఫికెట్టు, దానికి చెదలు పట్టి సగం పేరే మిగిలింది. రెండోది మా ఊరి ఓటర్ల జాబితాలో ఒక వరుస. ఆధార్ కార్డులు తీసిన రోజుల్లో తోటల్లో కూలికి పోయి ఉన్నాను, తర్వాత చూద్దాంలే అనుకుంటుండగానే ఇటు వచ్చిపడ్డాను. కాబట్టి ఆ ఒక్క వరుసే నా ఇల్లూ వాకిలీ.

ఇక బాబా సంగతి. బాబా అంటే తండ్రి అని కాదు, ఇక్కడ ఇంటి యజమానిని అలాగే పిలుస్తాం. మస్కట్‌లోనే అజైబా అనే పేటలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఆ ఇల్లు. ఎనభై దాటిన మనిషి, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయింది, కొడుకులు శుక్రవారం వచ్చి తిని పోతారు. చిన్నప్పుడు కరాచీలో చదివాడు కాబట్టి నాతో హిందీలో మాట్లాడతాడు, కోపం వస్తే అరబ్బీలో. కాస్త చాదస్తం, కాస్త నస, మనసు మాత్రం వెన్న. యాభై ఏళ్ల కింద పైచదువుకు అమెరికా పోయి, ఒక పెద్ద పట్నంలో జరిగిన పాతకాలపు మేయరు ఎన్నిక మీద పుస్తకం రాయడం మొదలుపెట్టి, సగంలో వదిలేసి వచ్చేశాడు. ఈ ఏడాది కంటి డాక్టరు చూపు నడిమధ్యనుంచి పోతోందని చెప్పాడు. మర్నాడే బాబా నా చేత అటకమీది అట్టపెట్టెలు మూడు దించించాడు. చూపు పూర్తిగా పోయేలోపు ఆ పుస్తకం ముగించాలట. కళ్లు ఆయనవి పనికిరావు కాబట్టి నావి కావాలన్నాడు.

ఆ ఎన్నిక సంగతి ఆయన చెబుతుంటే మొదట్లో నాకు భలే నవ్వొచ్చేది. గుర్రాలు ట్రాము బళ్లు లాగే రోజులు. మేయరు కుర్చీకి ఇద్దరు పోటీ. ఒకడి వెనక సారా కొట్ల వాళ్లు, పేటకొక దాదా. రెండోవాడు గంజిపెట్టిన చొక్కా పెద్దమనిషి, ఊరంతా ఊడ్చేస్తానని వచ్చాడు. ఆరు మంచాలు పట్టని పూటకూళ్ల ఇంటి నుంచి నలభై మంది ఓటర్లు. ఒకే మనిషి గడ్డంతో పోయి ఒక పేరు చెప్పి ఓటేసేవాడు, గడ్డం తీయించుకుని మీసంతో పోయి ఇంకో పేరు చెప్పేవాడు, మీసమూ తీయించుకుని నున్నటి మొహంతో మూడో పేరు చెప్పేవాడు. "ఆ రోజు ఎన్నికలో నిజంగా గెలిచింది మంగలి, యా బింతీ" అనేవాడు బాబా. బింతీ అంటే అమ్మాయీ అని. సర్పంచి ఎన్నికలు చూసినదాన్ని, నాకివన్నీ పాత చింతకాయ పచ్చడే అని నేనూ అనేదాన్ని.

కానీ మొహం మార్చుకుని పోయి ఇంకొకరి పేరు నాదని చెప్పడం అనే మాట దగ్గర నా నవ్వు ఆగిపోయేది. పైగా ఆ పేర్లలో చాలావరకు చచ్చిపోయినవాళ్లవి.

బాబా లెక్క తేల్చాలనుకున్నది అదే. ఆ ఎన్నికలో ఎంతమంది చచ్చినవాళ్లు ఓటేశారు? ఒక పెట్టెలో ఓటర్ల జాబితా నకళ్లు, ఇంకో పెట్టెలో ఆ పట్నం శ్మశానాల రిజిస్టర్ల నకళ్లు. నేను ఓటరు పేరు చదవాలి. ఆయన పెద్ద భూతద్దం పట్టుకుని రిజిస్టరులో వెతకాలి. దొరికితే ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టాలి. అంతా బాగానే ఉంది గానీ, ఆయనకు తెరిపి దొరికేది మధ్యాహ్నమే. కళ్లలో చుక్కలు వేసుకున్నాక ఒక గంట కాస్త కనిపిస్తుంది.

"మధ్యాహ్నం ఒద్దు బాబా. మా వైపు ఆ వేళప్పుడు చచ్చినోళ్ల పేర్లు ఎత్తరు. ఎత్తితే వస్తారు" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "అమెరికా దెయ్యాలకు అజైబా దారి తెలియదు. పైగా వాళ్లకు వీసా లేదు" అన్నాడు.

వీసా ఉన్న దెయ్యం ఈ ఇంట్లో ఆల్రెడీ ఒకటి ఉందని నేను చెప్పలేదు.

అలా మొదలైంది. ఆ వేళకు అజైబాలో వీధిలో పిల్లి కూడా ఉండదు. కర్టెన్లు దించేస్తే హాలు నీళ్ల అడుగున ఉన్నట్టుండేది. ఏసీ హోరులో నా గొంతు ఒక్కటే. పేరు చదువుతాను. బాబా ఆ పేరు మళ్లీ పలుకుతాడు. వేలు కాగితం మీద దిగుతుంది. దొరికిందా, ముందు ఎర్ర చుక్క, తర్వాత చనిపోయినవాళ్ల కోసం వీళ్లు చేసే చిన్న ప్రార్థన ఒకటి, గొంతులోనే. నోరు తిరగని ఆ దొరల పేర్లు నేను వంకరటింకరగా చదువుతుంటే, ఎక్కడో ఒక మూల ఎవరో లేచి నిలబడుతున్నట్టు అనిపించేది. ఒకరోజు వరసగా ఏడు చుక్కలు పడ్డాయి. నాకు వీపు మీద చల్లగా అయింది. ఏసీ తగ్గించాను. అయినా పోలేదు.

ఆ కాగితాల్లోనే ఆపిల్ పండ్ల ముసలామె వచ్చింది. ఎన్నికయ్యాక విచారణ జరిగిందట, అందులో ఒక పోలీసు చెప్పిన సంగతి. ఆ రోజుల్లో ఓటు వేసేటప్పుడు గుమాస్తా ఓటరు పేరు గట్టిగా పిలిచి చెప్పేవాడు. ఓట్లు వేసే పెట్టె గాజు గోళం, లోపలి కాగితాలు కనిపిస్తుండేవి. బయట మెట్ల మీద ఒక ముసలామె ఆపిళ్లు అమ్ముకుంటోంది. లోపలినుంచి గుమాస్తా ఒక పేరు పిలిచాడు. అది ఆమె కొడుకు పేరు. ఆ కొడుకు ఆరు నెలల కింద మిల్లులో పడి చచ్చిపోయాడు. ఆమె గబగబా లోపలికి పోయింది. గాజు గోళం పక్కన ఎవడో అప్పుడే గడ్డం గీయించుకున్నవాడు, దవడ మీద సబ్బు కూడా ఆరలేదు. రెండో పార్టీ మనిషి, వీడు దొంగ ఓటరు అని అడ్డం పడ్డాడు. పోలీసు ఆ ముసలామెను అడిగాడు, వీడు నీ కొడుకేనా అని. ఆమె వాణ్ణి చాలాసేపు చూసింది. నా కొడుకే అంది. వాడు ఓటేసి బయటికి పోతే, ఆపిళ్ల బుట్ట మెట్లమీదే వదిలేసి వాడి వెనకే నడిచిపోయిందట.

"నా ప్రొఫెసరు ఆమెను కొనేశారని రాయమన్నాడు" అన్నాడు బాబా. "నాకు నమ్మకం కలగలేదు. డబ్బు తీసుకున్న మనిషి బుట్ట వదిలిపెట్టి పోదు. ఇంకేం కారణమో అంతుపట్టలేదు. నా పుస్తకం అక్కడే ఆగిపోయింది. నీకేమనిపిస్తుంది?"

"ఏమో బాబా, టీ పెడతాను" అని లేచిపోయాను. వంటింట్లో గిన్నె పొయ్యి మీద పెట్టాను. సబ్బు ఆరని మొహంతో నిలబడ్డ ఆ మనిషిని తలుచుకుంటే భయం వేసింది. తల్లి కళ్ల ముందు ఆమె చచ్చిన బిడ్డలా నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఊరు వదిలే రోజున ఏజెంటు ఎదుట అమ్మ నన్ను అక్క పేరుతో పిలిచి అలవాటు చేసింది. పదిసార్లు పిలిస్తే పదిసార్లూ పలికాను. పదోసారి పిలిచినప్పుడు అమ్మ గొంతు మామూలుగా ఉంది. ఏడుపు లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇది జరిగిన వారానికి బాబా తింటూ తింటూ ఒక మాటన్నాడు. "నీ చెవులు బాగయ్యాయే. ఈ మధ్య మొదటి పిలుపుకే పలుకుతున్నావు. రావడం మాత్రం ఆలస్యం."

"నేనెక్కడ పలికాను బాబా? మూడోసారికే గదా పలికేది."

"కాదు. ముందు వంటింట్లోంచి ‘ఆ’ అంటావు. తర్వాత ఎంతసేపటికో మేడమీది నుంచి దిగి వస్తావు."

అన్నం గరిటె గిన్నెలో పెట్టేశాను. ఎవరి గొంతు అని అడిగాను. నీ గొంతే, ఇంకెవరిదుంటుంది, కాస్త బొంగురు అన్నాడు. అక్క గొంతు కాస్త బొంగురు. ఈయనకు పోతున్నవి కళ్లు, చెవులు కావు.

మర్నాడు కావాలనే మెట్లమీద నిలబడి కాచుకున్నాను. అక్కడినుంచి వంటింటి తలుపు కనిపిస్తుంది. బాబా హాల్లోంచి పిలిచాడు. వంటింట్లో ఎవరూ లేరు. నాకు ఏ శబ్దమూ వినపడలేదు. కానీ హాల్లో బాబా, పలికిన మనిషితో అన్నట్టు, "యల్లా, తొందరగా రా, పేజీ తప్పిపోతోంది" అన్నాడు. మెట్ల కమ్మీ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఆయన రెండోసారి పిలిచాడు, మూడోసారి పిలిచాడు. పలకడానికి నాకు నోరు రాలేదు.

అప్పటినుంచి ఇంటికి పోవాలనే ఆత్రం ఎక్కువైంది. నాలుగు నెలలు గడిస్తే చాలు, ఆ వంటిల్లూ ఆ పేరూ ఆమెకే వదిలేసి పోతాను అనుకున్నాను.

పక్క ప్లాటులో బిల్డింగు కడుతున్నారు. జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన ఫ్రిజ్ నీళ్ల కోసం గేటు దగ్గరికి వచ్చేవాడు. ఈ దేశంలోనే ఇబ్రి ఊళ్లో ఆరేళ్లు, రుస్తాఖ్‌లో మూడేళ్లు చేసి ఇటు వచ్చినవాడు. ఒకరోజు సీసా అందుకుంటూ అన్నాడు.

"అక్కా, మా ఊర్ల ఓట్ల లిస్టు దులుపుతున్నరు. ఇంటింటికి తిరిగి సచ్చిపోయినోళ్ల పేర్లు తీసేస్తున్నరట. మీ దిక్కు గూడ తిరుగుతరేమో. ఒక్కసారి ఇంటికి ఫోన్ జెయ్, మన పేరు ఉన్నదో లేదో సూసుకోవాలె."

చచ్చినవాళ్ల పేర్లు తీసేస్తారంటే నాకు సంతోషమే వేసింది. ఎన్నాళ్లకో అక్క పేరు ఆ జాబితాలోంచి పోతుంది, నా పేరు ఒక్కటే నిలుస్తుంది. ఇంకేం కావాలి? బాబాకు పది గంటల మందులు ఇచ్చి, ఉతికిన బట్టలు తీసుకుని మేడమీదికి పోయి, తీగ మీద ఆరేస్తూ అమ్మకు ఫోన్ చేశాను. ఇక్కడ పదిన్నర అంటే మా ఊళ్లో పన్నెండు.

"ఏమ్మే, తింటివా?" అంది అమ్మ.

"తిన్యాలేమ్మా. ఓట్ల లిస్టోళ్లు మన ఊరికి వచ్చినారా?"

"వచ్చినారు. పోయిన వారమే. అంగనవాడీ టీచరమ్మా, ఇంగో మనిషీ."

"నా పేరు చూసినారా మరి?"

అమ్మ వైపు ఎక్కడో కోడి అరుస్తోంది. "మే, నువ్వు కోపం చేసుకోగాకు" అంది.

కోపం చేసుకోవద్దు అని అమ్మ అన్న ప్రతిసారీ నాకు కోపం రావలసిన పనే చేసి ఉంటుంది. "ఏమైందో చెప్పుమ్మా" అన్నాను.

"మీ ఇంట్లో ఇద్దురు ఆడబిడ్డల పేర్లుండాయి, ఒగరు సచ్చిపోయినారంట గదా, ఎవురు అని అడిగినారు. ఊరంతా ఈడనే నిలబడి ఉండారు. పెద్దది పోయిందని ఎట్ల చెప్పేదిమే? దాని పాస్‌పోట్టు మిందనే గదా నువ్వు ఆడ బతికేది. సచ్చినోళ్ల పాస్‌పోట్టని తెలిస్తే నిన్ను పట్టుకొని జైల్లో ఏస్తారు గదా."

"అందుకని?"

"చిన్నది పోయిందని చెప్పినా. పెద్దది మస్కట్‌లో ఉండాదని చెప్పినా. యేలిముద్ర ఏయమన్యారు, ఏసినా."

తీగమీది దుప్పటి గాలికి నా మొహం మీద పడింది. తీయలేదు. "ఊళ్లో ఒక్కరైనా కాదనలేదా?"

"కాదనలేదు. అందురూ నీ మంచి కోరేటోళ్లే గదా."

నిజమే. పక్కింటి పిన్నమ్మ, ఎదురింటి మామ, నన్ను చంకనేసుకుని తిప్పినవాళ్లు, నాకు ఓనమాలు దిద్దించినవాళ్లు, అందరూ నా మంచి కోరి నిలబడి నన్ను చంపి పంపారు. అన్యాయం చేసినవాడు ఒక్కడైనా ఉంటే తిట్టిపోసేదాన్ని. ఎవరిని తిట్టను? మళ్లీ రాయించుకోవచ్చు కదా అని మీరంటారు. ఏమని రాయించుకోను? దిగేది అక్క పాస్‌పోర్టుతో. మొహం అక్కది, వేలిముద్ర అక్కది. చచ్చిపోయిన చెల్లెల్ని నేనే అని ఏ ఆఫీసులో చెప్పను? చెబితే మొదట జైలుకు పోయేది వేలిముద్ర వేసిన మా అమ్మ.

"మే, ఉండావా?" అంది అమ్మ. గొంతు తగ్గించింది. "ఒగ మాట చెప్తా. పెద్దది బతికే ఉండాది సారూ అన్యప్పుడు నాకు ఎట్లనో అయింది. వొళ్లంతా చల్లగా అయింది. ఒగ నిమిషం నిజమే అనిపిచ్చింది. ఆ నిమిషం శానా బాగుండిందిమే."

యాభై ఏళ్లుగా బాబాకు అంతుపట్టనిది నాకు ఆ క్షణంలో అర్థమైంది. ముసలామె బుట్ట ఎందుకు వదిలిపెట్టి పోయిందో తెలిసింది. అమ్మ మీద జాలి కలిగింది, అంతకంటే ఎక్కువ అసూయ కలిగింది, అక్క మీద. ఆ అసూయకు సిగ్గు కూడా వేసింది. ఎన్నేళ్లు మోశానో ఆ పేరు, ఒక్కసారి నాది వినాలనిపించింది.

"మ్మా, నన్ను ఒకసారి నా పేరు పెట్టి పిలువు."

"ఇప్పుడొద్దులేమే" అంది అమ్మ, ఆలోచించకుండా, కూరలో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా. "మిట్టమద్యానం. సచ్చినోళ్ల పేరు ఎత్తగూడదు."

అన్నాక తెలిసింది ఆమెకు. "అయ్యో, నా నోరు పడిపోను, నా తల్లీ" అని ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే ఉంది. పేరు మాత్రం పిలవలేదు. నేను కాసేపు విని ఫోన్ పెట్టేశాను.

కింద హాల్లోంచి బాబా పిలిచాడు, అక్క పేరుతో. నేను మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. వంటింటి తలుపు తెరిచే ఉంది.

"ఆ, వస్తున్నా బాబా" అన్నాను, మొదటి పిలుపుకే. నా గొంతు కాస్త బొంగురుగా వచ్చింది.

వంటింటి వైపు చెవి పెట్టి విన్నాను. అక్కడినుంచి ఎవరూ పలకలేదు. బాబా కూడా రెండోసారి పిలవలేదు.